ఓడగవాక్షం : 'పోర్ట్‌హోల్' శబ్దార్థ విచారం

1. విషయ ప్రవేశం

ఓడ పార్శ్వభాగంలో వెలుతురు కోసం, గాలి కోసం అమర్చిన గుండ్రని కిటికీని ఆంగ్లంలో 'పోర్ట్‌హోల్' అంటారు. ఈ పదం చూడడానికి సులభంగా ఉంటుంది. 'పోర్ట్' అంటే రేవు, 'హోల్' అంటే రంధ్రం అని ఆంగ్లం కొద్దిగా తెలిసిన విద్యార్థి కూడా విడదీయగలడు. కాని ఆ విధంగా విడదీసి 'రేవు రంధ్రం' అని తెలుగు చేస్తే రెండవ పదం మాత్రమే సరియైనది అవుతుంది. మొదటి పదం పూర్తిగా దారి తప్పుతుంది. ఈ సమాసంలోని 'పోర్ట్' శబ్దానికి రేవు అనే అర్థం లేదు.

శాస్త్ర గ్రంథాలను, యాత్రా చరిత్రలను, నౌకానిర్మాణ పాఠాలను తెలుగులోకి తెచ్చేవారికి ఇటువంటి పదాలు తరచుగా ఎదురవుతాయి. మూలపదం ఏ అర్థంలో పుట్టింది, ఆ అర్థం ఏ విధంగా మారింది, ఆ వస్తువును మన భాషలో ఏ శబ్దం యథార్థంగా బోధించగలదు అనే మూడు ప్రశ్నలకు సమాధానం చెప్పుకొనకుండా పారిభాషిక పదాన్ని నిర్మించడం ఉచితం కాదు. 'పోర్ట్‌హోల్' శబ్దాన్ని ఉదాహరణగా గ్రహించి ఆ మూడు ప్రశ్నలను విచారించడం, మనకు చిరపరిచితమైన 'గవాక్ష' శబ్దానికి ఈ వస్తువుతో గల సంబంధాన్ని నిరూపించడం ఈ వ్యాసానికి లక్ష్యం.

2. 'పోర్ట్' శబ్దం - మూడు అర్థాలు

నావికుల ఆంగ్లంలో 'పోర్ట్' అనే ఒకే రూపం కనీసం మూడు అర్థాలలో ప్రయుక్తమవుతున్నది.

మొదటిది రేవు. ఇది లాటిన్ భాషలోని 'పోర్టుస్' శబ్దం నుండి వచ్చినది. విశాఖ పోర్టు, కాకినాడ పోర్టు అన్నప్పుడు మనం గ్రహించిన అర్థం ఇదే.

రెండవది ద్వారం. ఇది లాటిన్ 'పోర్టా' శబ్దం నుండి ఫ్రెంచి ద్వారా ఆంగ్లానికి చేరినది. కోటవాకిలి, పురద్వారం దీని ప్రాచీనార్థాలు. 'పోర్టుస్', 'పోర్టా' అనే రెండు శబ్దాలూ దాటిపోవడం అనే అర్థంగల ఒకే ధాతువు నుండి పుట్టినవని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. అయినా లాటిన్ నాటికే అవి భిన్నార్థాలు గల భిన్న శబ్దాలు. ఓడ పక్కన తొలిచిన ద్వారానికి ఏర్పడిన పేరు ఈ రెండవ శబ్దం నుండి వచ్చినదే. కనుక 'పోర్ట్‌హోల్' అంటే 'వాకిలివలె తొలిచిన రంధ్రం' అని అర్థం. ఈ సమాసం 16వ శతాబ్ది చివరి భాగం నుండి ఆంగ్లంలో కనబడుతున్నది.

మూడవది ఓడ ఎడమ పార్శ్వం. పూర్వం ఓడను నడిపే పెద్ద తెడ్డు కుడివైపున ఉండేది. అందువలన కుడిపక్కకు 'స్టార్‌బోర్డ్', అనగా నడిపే తెడ్డు ఉన్న పక్క, అనే పేరు వచ్చింది. ఎడమపక్కను 'లార్‌బోర్డ్' అనేవారు. గాలి హోరులో ఈ రెండు పిలుపులూ ఒకటిగా వినబడి పొరపాట్లకు తావిస్తున్నందున 'లార్‌బోర్డ్'కు బదులు 'పోర్ట్' అనే మాటనే వాడవలెనని 1844లో బ్రిటిష్ నౌకాదళ అధికారులు ఆజ్ఞాపించారు. 1846లో అమెరికా నౌకాదళం కూడా అదే మార్గాన్ని అనుసరించింది.

నావికులు స్వయంగా శబ్దసామ్యం వలన కలిగే ప్రమాదాన్ని గుర్తించి ఒక ప్రాచీన పదాన్ని విడిచిపెట్టారన్నది ఇక్కడ గమనింపదగిన విషయం. 'పోర్ట్ వైపు పోర్టులు మూయండి' అనే ఆజ్ఞలో మొదటి 'పోర్ట్' ఎడమ పక్కను, రెండవది పక్కనున్న ద్వారాలను తెలుపుతుంది. ఈ వాక్యాన్ని రేవు అనే అర్థంతో అనువదిస్తే ఏ పక్క మూయవలెనో, దేనిని మూయవలెనో బోధపడదు. ఓడలో ఇది వ్యాకరణ దోషంగా మాత్రమే మిగలదు.

3. ఫిరంగి వాకిలి నుండి వెలుగు కిటికీ వరకు

ఓడ పక్కన ద్వారాలు తొలచడం సరుకులను, గుర్రాలను ఎక్కించుకొనే అవసరం వలన మధ్యయుగంలోనే ఉన్నది. ఆ ద్వారాలలో ఫిరంగులను నిలిపే పద్ధతి 1500 ప్రాంతంలో వ్యాపించింది. దీనిని 1501లో బ్రెస్ట్ పట్టణానికి చెందిన దెషార్జ్ అనే ఫ్రెంచి నౌకానిర్మాత కనిపెట్టాడని పారంపర్యంగా చెబుతారు. బరువైన ఫిరంగులను ఎగువ అంతస్తులో ఉంచితే ఓడ ఒరుగుతుంది. వాటిని దిగువ అంతస్తులో ఉంచవలెనంటే గోడలో వాకిళ్లు తొలచక తప్పదు. ఆ వాకిళ్లకు పైనుండి వేలాడే తలుపులు ఉండేవి. యుద్ధసమయంలో వాటిని పైకెత్తి ఫిరంగి గొట్టాన్ని బయటకు తోసేవారు. 'పోర్ట్‌హోల్' శబ్దం ఈ ఫిరంగి వాకిలికి వాచకంగా మొదలైనది. ఇవి సాధారణంగా చతురస్రాకారంలో ఉండేవి. గుండ్రదనం ఈ శబ్దానికి మూలార్థం కాదు.

ఈ వాకిలి ఎంత ప్రయోజనకరమో అంత ప్రమాదకరం. 1545 జులై 19న ఇంగ్లండు దక్షిణ తీరాన 'మేరీ రోజ్' అనే రాజనౌక మలుపు తిరుగుతూ ఒరిగినప్పుడు తెరచి ఉన్న ఫిరంగి వాకిళ్ల గుండా నీరు చొరబడి మునిగిపోయినట్లు సమకాలీన కథనాలు తెలుపుతున్నాయి. 1628 ఆగస్టు 10న స్వీడన్ రాజనౌక 'వాసా' స్టాక్‌హోం రేవు నుండి బయలుదేరిన తొలి ప్రయాణంలోనే గాలి తాకిడికి ఒరిగి, దిగువ వరుస వాకిళ్ల నుండి నీరు నిండి మునిగిపోయింది. 'వాసా'ను 1961లో, 'మేరీ రోజ్' అవశేషాన్ని 1982లో పైకి తీసి ప్రదర్శనశాలలలో భద్రపరచారు.

19వ శతాబ్దిలో ఇనుప ఓడలు, ఆవిరి యంత్రాలు రావడంతో ప్రయాణికుల గదులకు వెలుతురునిచ్చే గాజు కిటికీలు విరివిగా అమర్చబడినాయి. 'పోర్ట్‌హోల్' అనే పేరు ఫిరంగి వాకిలి నుండి ఈ కిటికీకి సంక్రమించింది. ఆకారం మారింది, ప్రయోజనం మారింది, పేరు మాత్రం నిలిచింది. మన ఆలంకారికుల పరిభాషలో చెప్పవలెనంటే ఇది సాదృశ్యం వలన వచ్చిన లక్షణ. కాలక్రమాన అది రూఢమై, నేటి వ్యవహర్తకు కిటికీయే వాచ్యార్థంగా తోస్తున్నది.

ఈ కిటికీ గుండ్రంగా ఉండడానికి కారణం అలంకారం కాదు. లోహపు పలకలో మూలలు గల రంధ్రాన్ని తొలిస్తే అలల తాకిడి వలన కలిగే ఒత్తిడి ఆ మూలల వద్ద కేంద్రీకృతమవుతుంది. అక్కడినుండి పగులు ఆరంభమవుతుంది. వృత్తానికి మూలలు లేవు కనుక ఒత్తిడి దాని అంచు చుట్టూ సర్దుకొంటుంది.

4. 'స్కటిల్' - నియమావళిలోని నిర్వచనం

వృత్తి నిపుణులు నియమావళులలో 'పోర్ట్‌హోల్' అనే మాటను సాధారణంగా వాడరు. వారు వాడేది 'సైడ్ స్కటిల్'. ఓడ అంతస్తులో తొలిచిన దిగుడు రంధ్రాన్ని తెలిపే ప్రాచీన ఫ్రెంచి, స్పానిష్ శబ్దాలకు ఇది సంబంధించినది. ఓడకు రంధ్రం చేసి బుద్ధిపూర్వకంగా ముంచివేయడం అనే అర్థంగల 'స్కటిల్' అనే ఆంగ్ల క్రియ కూడా ఈ నామవాచకం నుండి పుట్టినదే. వెలుగునిచ్చే రంధ్రానికీ ఓడను ముంచే రంధ్రానికీ పేరు ఒకటే కావడం ఆ వస్తువు స్వభావాన్ని తెలుపుతున్నది.

1966 నాటి అంతర్జాతీయ భారరేఖల ఒడంబడికకు 1988లో ఏర్పడిన ప్రోటోకాల్, 2003లో సవరింపబడి 2005 నుండి అమలులోకి వచ్చిన పాఠంలో ఈ పదాన్ని స్పష్టంగా నిర్వచించింది. వైశాల్యం 0.16 చదరపు మీటర్లకు మించని గుండ్రని లేదా అండాకారపు రంధ్రం స్కటిల్. ఆ పరిమితిని దాటిన గుండ్రని రంధ్రాన్ని, అట్లే గుండ్రదీర్చిన మూలలతో చతురస్రాకారంగా ఉన్న రంధ్రాన్ని 'విండో', అనగా కిటికీగా పరిగణించవలెను. లెక్క వేసి చూస్తే పూర్తి వృత్తాకారపు స్కటిల్ వ్యాసం సుమారు 45 సెంటీమీటర్లకు మించరాదు. దాని దిగువ అంచు వేసవి భారరేఖకు ఎంత ఎత్తున ఉండవలెనో కూడా నియమం ఉన్నది. ఓడ వెడల్పులో 2.5 శాతం, 500 మిల్లీమీటర్లు అనే రెండింటిలో ఏది అధికమో అంతకన్న దిగువగా ఉండరాదు.

దిగువ గదుల స్కటిళ్లకు లోపలివైపున మడతబందులతో కూడిన లోహపు మూత ఉండి తీరవలెను. దీనిని ఆంగ్లంలో 'డెడ్‌లైట్' అంటారు. గాజు పగిలినా నీరు లోనికి రాకుండా ఆపేది ఈ మూతయే. 1916 నవంబరు 21న ఏజియన్ సముద్రంలో 'బ్రిటానిక్' అనే వైద్యనౌక పేలుడుకు గురి అయినప్పుడు, రోగుల గదులకు గాలి కోసం దిగువ అంతస్తులలో తెరచి ఉంచిన కిటికీల గుండా నీరు చేరడం వలన అది మరింత త్వరగా, సుమారు 55 నిమిషాలలో మునిగిపోయింది. కిటికీని, దాని మూతను వేరు వేరు పేర్లతో పిలవవలసిన అవసరాన్ని ఈ సంఘటన చాటుతున్నది.

5. 'గవాక్ష' శబ్ద నిష్పత్తి

ఇక మన భాషలోని శబ్ద సంపదను పరిశీలింతము. అమరసింహుడు ద్వితీయకాండలోని పురవర్గంలో వాతాయన, గవాక్ష శబ్దాలను పర్యాయాలుగా పేర్కొన్నాడు. నానార్థవర్గంలో 'జాల' శబ్దానికి కూడా గవాక్షం అనే అర్థాన్ని చెప్పాడు. కోశంలో ఇవి పర్యాయాలే అయినా వాటి ప్రవృత్తి నిమిత్తాలు వేరు. గాలి వచ్చే మార్గం వాతాయనం. వలవలె అల్లిక గలది జాలం లేదా జాలకం. గోవు కన్ను వంటిది గవాక్షం. మొదటి దానికి ప్రయోజనం, రెండవ దానికి నిర్మాణం, మూడవ దానికి ఆకారం నిమిత్తాలు.

గవాక్ష శబ్దం రెండు పాణినీయ సూత్రాల వలన సిద్ధిస్తున్నది. 'గో' శబ్దానికి అచ్చు పరమైనప్పుడు స్ఫోటాయనుని మతంలో అవఙాదేశం వస్తుందని 6.1.123 సూత్రం చెబుతున్నది. ఇది వికల్పం కనుకనే గోశబ్దానికి అగ్రశబ్దం పరమైనప్పుడు గవాగ్రం, గోఽగ్రం వంటి రూపభేదాలు కలుగుతున్నాయి. కాని కిటికీ అనే అర్థంలో గవాక్ష రూపమే నిత్యమని, ఇది వ్యవస్థిత విభాష అని వ్యాఖ్యాతలు నిర్ణయించారు. రెండవది 5.4.76 సూత్రం. చూపునకు సాధనమైన కన్ను అనే అర్థం లేనప్పుడు సమాసం చివరనున్న 'అక్షి' శబ్దానికి అచ్ అనే సమాసాంత ప్రత్యయం చేరి 'అక్ష' అవుతుందని దీని తాత్పర్యం. అంటే గవాక్షంలోని కన్ను చూసే కన్ను కాదని, కన్నును పోలినది మాత్రమేనని వ్యాకరణమే స్పష్టం చేసింది. సంస్కృతంలో పుంలింగమైన ఈ శబ్దం తెలుగులో 'గవాక్షము', 'గవాక్షం' అని మహద్వాచకం కాని రూపంలో నిలిచింది.

గోశబ్దం నానార్థకం. అమరుడు దానికి చెప్పిన అర్థాలలో కిరణం, జలం కూడా ఉన్నాయి. ఆ అర్థాలను గ్రహించి, కిరణాలుగాని జలాలుగాని వ్యాపించే చోటు గవాక్షం అని వేరొక వ్యుత్పత్తిని చెప్పిన వ్యాఖ్యాతలు ఉన్నారు. ఇంటి కిటికీకి ఆకారసామ్యం గల మొదటి వ్యుత్పత్తియే చాలును. ఓడ కిటికీ విషయంలో మాత్రం రెండవ వ్యుత్పత్తి కూడా సార్థకమవుతున్నది. కిరణాలు రావలసినదీ జలాలు రాకూడనిదీ ఆ ద్వారం గుండానే కదా!

వాస్తుకళలో గవాక్షం గుర్రపు లాడం ఆకారంలో రూపుదిద్దుకొన్నది. ఏలూరు జిల్లాలోని గుంటుపల్లి కొండలో తొలిచిన వృత్తాకార చైత్యం ముఖభాగంపై ఈ ఆకృతి నేటికీ కనబడుతున్నది. కావున వంపు గల కిటికీకి ఈ పేరు వాడడం ఆంధ్రదేశానికి కొత్త కాదు.

6. ద్వారమా? నేత్రమా?

వివిధ భాషలలో కిటికీ పేర్లను పోల్చి చూస్తే అవి ప్రధానంగా మూడు మార్గాలలో ఏర్పడినట్లు తోస్తుంది.

ద్వారం నుండి వచ్చినవి మొదటి రకం. ఆంగ్ల 'పోర్ట్' ఇటువంటిదని పైన చూచితిమి. పోర్చుగీసు భాషలో కిటికీకి పేరైన 'జనేలా' కూడా తలుపు అనే అర్థంగల లాటిన్ శబ్దానికి అల్పార్థక రూపమే. పోర్చుగీసు ఓడలతో తూర్పు దేశాలకు వచ్చిన ఈ మాట బెంగాలీలో 'జానాలా', తమిళంలో 'జన్నల్', మలయాళంలో 'జనల్' అయినది. ఉర్దూలోని 'దరీచా' పారసీక 'దర్', అనగా తలుపు, అనే శబ్దానికి అల్పార్థక రూపం. మన 'కిటికీ' శబ్దం చిన్న ద్వారం అనే అర్థంగల ప్రాకృత 'ఖడక్కీ' శబ్దానికి సంబంధించినది.

గాలి నుండి వచ్చినవి రెండవ రకం. వాతాయనం వంటిదే స్పానిష్ 'వెంతానా'. అది గాలి అనే అర్థంగల లాటిన్ 'వెంతుస్' నుండి పుట్టినది.

కన్ను నుండి వచ్చినవి మూడవ రకం. ఆంగ్ల 'విండో' శబ్దానికి మూలమైన ప్రాచీన నార్స్ 'విందౌగ' అంటే గాలికన్ను. ఇందులో రెండవ, మూడవ మార్గాలు కలిసినవి. స్పానిష్ నావికులు ఓడ కిటికీని 'ఓహో దె బుయేయ్' అంటారు. దాని అర్థం ఎద్దు కన్ను. జర్మన్ 'బుల్‌ఔగె'కు కూడా ఆబోతు కన్ను అనియే అర్థం. ఫ్రెంచివారు ఓడ కిటికీని 'హుబ్లో' అన్నప్పటికీ, భవనాలలోని గుండ్రని కిటికీని ఎద్దు కన్ను అనే అర్థంగల పేరుతోనే పిలుస్తారు.

ఇక్కడ మనకు ప్రత్యేకంగా ఆసక్తికరమైన అంశం ఒకటి ఉన్నది. సంస్కృత 'అక్షి' శబ్దం, స్పానిష్ 'ఓహో'కు మూలమైన లాటిన్ 'ఓకులుస్' ఒకే ఇండో యూరోపియన్ మూలానికి చెందినవి. సంస్కృత 'గో' శబ్దం, స్పానిష్ 'బుయేయ్'కు మూలమైన లాటిన్ 'బోస్' కూడా అట్లే ఏకమూలకాలు. కావున గవాక్షం, ఓహో దె బుయేయ్ అనే రెండు పేర్లలో పూర్వోత్తర పదాలు రెండూ సగోత్రాలు. అయితే ఒక సమాసం నుండి మరొకటి పుట్టలేదు. ఒకే వస్తురూపాన్ని చూచి వేర్వేరు కాలాలలో, వేర్వేరు దేశాలలో జనులు ఒకే పోలికను స్ఫురింపజేసుకొన్నారు. స్వతంత్రంగా కలిగిన ఈ సంవాదమే గవాక్ష శబ్దం గుండ్రని కిటికీకి ఎంత సహజమో తెలుపుతున్నది.

7. తెలుగులో ప్రయోగ నిర్ణయం

'పోర్ట్‌హోల్'కు తెలుగున మూడు మార్గాలు సాధ్యం. అన్యదేశ్యాన్ని యథాతథంగా ఉంచడం, మాటకు మాట అనువదించడం, ఉన్న శబ్దాన్ని విశేషణంతో వినియోగించడం అనేవి ఆ మార్గాలు.

అన్యదేశ్యం నావికుల భాషకు కొత్త కాదు. చుక్కాని అరబీ నుండి, లంగరు పారసీకం నుండి వచ్చి తెలుగు మాటలై కూర్చున్నవి. విశాఖపట్నంలో 1941లో సింధియా సంస్థ నౌకానిర్మాణ కేంద్రానికి పునాది పడింది. 1948 మార్చి 14న నెహ్రూ చేతుల మీదుగా 'జల ఉష' అక్కడే జలప్రవేశం చేసింది. అటువంటి చోట పనివారి నోట ఆంగ్ల పదాలు నలగడం సహజం. ఆ వ్యవహారాన్ని నిషేధింప పనిలేదు. కాని వ్రాతలో, పాఠంలో 'పోర్టుహోలు' అని ఉంచితే చిక్కు తప్పదు. చుక్కాని, లంగరు పదాలకు తెలుగులో పోటీ అర్థం లేదు. 'పోర్టు' మాత్రం రేవు అనే అర్థంలో తెలుగున ఇదివరకే స్థిరపడి ఉన్నది. చదువరి దృష్టి ఆ అర్థం వైపే పోతుంది.

మాటకు మాట అనువాదం దోషయుక్తమని రెండవ ప్రకరణంలో నిరూపించబడినది. ఇక మిగిలినది మూడవ మార్గం. భోజరాజ కర్తృకంగా ప్రసిద్ధమైన 'యుక్తికల్పతరువు' ఓడలోని గదులను 'మందిర' శబ్దంతోనే వ్యవహరించి, వాటి స్థానాన్ని బట్టి సర్వమందిర, మధ్యమందిర, అగ్రమందిర అని నౌకలను విభజించింది. ఇంటి మాటలను ఓడకు వర్తింపజేయడం శాస్త్ర సమ్మతమే అనడానికి ఇది ప్రమాణం. ఓడ గది మందిరం అయినప్పుడు దాని కిటికీ గవాక్షం కావడానికి అభ్యంతరం ఉండదు.

పర్యాయాలలో వాతాయనం ఇక్కడ పొసగదు. ఓడ కిటికీలలో అనేకం తెరవడానికి వీలులేని బిగింపు గాజులు. వాటి గుండా వెలుతురు వస్తుందిగాని గాలి రాదు. జాలకం అసలే పొసగదు. ఆకారమే నిమిత్తంగా గల గవాక్షం మాత్రమే తెరచినా, మూసినా తన పేరును నిలుపుకొంటుంది.

చిన్నయసూరి సమాసాలను సాంస్కృతికం, ఆచ్ఛికం, మిశ్రం అని మూడు విధాలుగా విభజించాడు. 'నౌకాగవాక్షం' సాంస్కృతికం, 'ఓడగవాక్షం' మిశ్రం. రెండూ సాధువులే. పాఠ్యగ్రంథాలకు, పత్రికలకు సుబోధమైన రెండవ దానిని ఈ వ్యాసకర్త ప్రతిపాదిస్తున్నాడు. దానితోపాటు సంబంధిత వస్తువులకు కూడా పేర్లను వేరుచేయడం అవసరం. పూర్వకాలపు యుద్ధనౌకలోని రంధ్రం 'ఫిరంగి వాకిలి'. నియమావళిలోని గుండ్రని స్కటిల్ 'ఓడగవాక్షం'. మూలలు గల పెద్ద రంధ్రం 'ఓడకిటికీ'. లోహపు మూత 'గవాక్షకవాటం'. ఎడమ పార్శ్వాన్ని 'ఎడమపక్క' అని మాత్రమే వ్రాయవలెను. అప్పుడు పైన ఉదాహరించిన ఆజ్ఞ 'ఎడమపక్క గవాక్షాలు మూయండి' అని ఏ సందేహానికీ తావులేకుండా తెలుగున పలుకుతుంది.

8. ఉపసంహారం

పై విచారణ వలన తేలిన అంశాలు ఇవి. 'పోర్ట్‌హోల్'లోని పూర్వపదం రేవును కాక ద్వారాన్ని బోధిస్తున్నది. ఆ పేరు మొదట ఫిరంగి వాకిలికి ఏర్పడి తరువాత గాజు కిటికీకి లక్షణచే సంక్రమించినది. నేటి నియమాలు ఆకారాన్ని, వైశాల్యాన్ని బట్టి స్కటిల్‌ను కిటికీ నుండి వేరుచేస్తున్నవి. ఆకారాన్నే నిమిత్తంగా గల గవాక్ష శబ్దం ఆ నిర్వచనానికి ఆంగ్ల పదంకన్న దగ్గరగా ఉన్నది.

కొత్త వస్తువు వచ్చినప్పుడెల్ల కొత్త శబ్దాన్ని సృష్టింపవలెనని లేదు. కోశాలలో ఉన్న శబ్దాల ప్రవృత్తి నిమిత్తాలను మరల పరిశీలిస్తే, పర్యాయాలుగా మనం వల్లించినవాటిలో ఒక్కొక్కటి ఒక్కొక్క ఆధునిక వస్తువుకు సిద్ధంగా ఉన్నట్లు కనబడుతుంది. అమరాన్ని వల్లింపజేసే ప్రాచ్య కళాశాలల అధ్యాపకులు ఈ దృష్టితో విద్యార్థులచే పర్యాయపదాలను విభజింపజేసినచో, పరిభాషా నిర్మాణం కార్యాలయాలకే పరిమితం కాక తరగతి గదిలోనే ఆరంభం కాగలదు.